టోపీలోని పేరు

గెర్లిండ్,

ఇవాళ పదకొండింటికి రోవెడర్‌గారు వస్తారు. తండ్రి టోపీ వెతుక్కుంటూ నిన్న మన పాత సైనిక సామాన్ల కొట్టుకు వచ్చిన ముసలావిడ. ఆ ఆఫీసరు టోపీ కిటికీ పక్క అరలో ఉంది. దాని స్వస్తిక్ గుర్తు మీద అంటించిన కాగితం ఊడుతోంది, ఆ నాజీ గుర్తు బయటికి కనిపిస్తే కేసవుతుంది. తలుపు తీసే ముందు మళ్ళీ అంటించు.

టోపీ ఆవిడకు అమ్మకు. లోపలి పేరు చీటీ మాత్రం తీసి ఊరికే ఇచ్చెయ్యి. ఆమె తండ్రిది అదొక్కటే. ఆయన టోపీని పురుగు కొట్టేస్తే, చీటీని మంచి టోపీలోకి మార్చి, పాతది పొయ్యిలో వేశాను. పేరున్న టోపీ త్వరగా అమ్ముడవుతుంది. ఈ వ్యాపారంలో చాలామంది చేసేదే. నువ్వు అప్పుడే వద్దన్నావు.

నిన్న ఆవిడ ఆ టోపీని తిప్పి తిప్పి చూసింది. "ఏమయ్యా, మా నాన్నది చిన్న తల. పిల్లల టోపీ కొనుక్కోమని అమ్మ ఆయన్ని ఏడిపించేదట. ఇది ఆయన ముక్కు దాకా దిగుతుంది."

"పాతబడితే వదులవుతుందమ్మా," అన్నాను.

"నాకు నాలుగేళ్ళప్పుడు యుద్ధానికి రష్యా వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఇంట్లో ఫొటో కూడా లేదు. నువ్వు ఇదే అంటే, ఇదే అనుకుంటా."

ఇవాళ రమ్మని పంపేశాను. ముప్పై ఏళ్ళుగా బేరాలాడుతున్నవాణ్ణి, ఆమె ముఖం చూడలేక సంత వంకతో వెళ్తున్నాను. కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి, నిజం నువ్వే చెప్పు.

వోల్కర్

మిగతా అరల్లోనూ ఇలాగే పేర్లు మార్చాను. ఏది ఎవరిదో ఇప్పుడు నాకే తెలియదు.