మూడు ఓడల్లో ఒక ఉత్తరం

మార్చి 2, 1781. హేగ్.

విఖామ్ నన్ను ఎలుగుబంటి అన్నాడు.

నా ముఖం మీద కాదు. అంత ధైర్యం ఆ మనిషికి లేదు. అతనూ నాలాగే అమెరికా రాయబారి. పారిస్‌లో మెత్తటి కుర్చీలో కూర్చుని, ఫిలడెల్ఫియాలో ఉన్న మా కాంగ్రెస్‌కి రాశాడు. కాంగ్రెస్ కడుపులో ఏ మాటా దాగదు కాబట్టి అక్కడి మిత్రుడొకడు నకలు తీసి నాకు పంపాడు. పెన్‌హాలో నిజాయితీపరుడే గానీ ఎలుగుబంటి అట. డచ్చివాళ్ళ తలుపు తట్టమని పంపిస్తే గుద్దుతున్నాడట. ఇంటికి పిలిపించి ఆపిల్ తోట అప్పజెబితే దేశానికి మేలట, తోటకి కూడా మేలట.

తోటకి కూడా! అక్కడికి వచ్చేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. కాంగ్రెస్‌లో అందరూ పడీపడీ నవ్వుకుని ఉంటారు. ఇంటి యజమానురాలు పెట్టిన ఉప్పుచేప ముట్టుకోలేదు.

మార్చి 3

తోటకి కూడా.

మార్చి 8

కాంగ్రెస్‌కి రాశాను.

విఖామ్ మధ్యాహ్నం దాకా పక్క దిగడని రాశాను. నిజం. రహస్య కాగితాలు వైన్ సీసాల కింద పడి ఉంటాయని రాశాను. అదీ నిజమే, కళ్ళారా చూశాను. ఫ్రెంచివాళ్ళు ఎటు తిప్పితే అటు తిరుగుతాడని రాశాను. సగం నిజం. అయినా కసి తీరలేదు. ఎక్కడ పొడిస్తే లోతుగా దిగుతుందా అని ఆలోచించి, ఇంగ్లండు జైళ్ళలో మగ్గుతున్న మన నావికుల్ని అతను ఒక్కనాడూ పట్టించుకోలేదని, వాళ్ళ ఆకలి అతని భోజనానికి అడ్డం రావడం లేదని రాశాను. అది నిజమో కాదో నాకు తెలియదు. వాక్యం మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది.

నా గుమస్తా ఒబెడ్ నాకన్నా పెద్దవాడు, మసాచుసెట్స్ నుంచి నాతోనే వచ్చాడు. చదివి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఒక వారం సొరుగులో పెట్టి చూడండి అయ్యగారూ, అప్పటికీ ఇంతే ఘాటుగా ఉంటే పంపుదాం అన్నాడు. నోరుమూసుకుని కాపీలు తియ్యమన్నాను.

మార్చి 20

మూడూ వెళ్ళాయి. యుద్ధంలో ఏ ఓడ ఒడ్డు చేరుతుందో తెలియదు కాబట్టి ముఖ్యమైన ఉత్తరం ఏదైనా ఇలా మూడు దారుల్లో పంపుతాం. నా చేత్తో రాసింది టెక్సెల్ రేవు నుంచి. ఒబెడ్ రాసినవాటిలో ఒకటి ఫ్రాన్స్‌లోని నాంత్ నుంచి, ఒకటి స్పెయిన్‌లోని బిల్బావో నుంచి. ఇంగ్లీషువాళ్ళు పట్టుకునేటట్టుంటే సంచీకి సీసం దిమ్మ కట్టి సముద్రంలో పడెయ్యమని కెప్టెన్లకి చెప్పాం.

రెండు మునిగినా ఒకటి తేలాలి. దేవుడా, ఒక్కటి చాలు.

ఏప్రిల్ 17

విఖామ్ నుంచి ఉత్తరం, సీలు లేకుండా. తెచ్చేవాడు కూడా చదవాలనుకుంటేనే అలా పంపుతాం, మా వృత్తిలో అదొక పద్ధతి. లోపల ఏముంది? నా జలుబు తగ్గిందా అని. తన మంచితనం దారిలో ఉన్నవాళ్ళంతా చూడాలి కాబోలు. పాము.

జూన్ 14

టబితా ఉత్తరం. నా భార్య జనవరిలో రాసింది ఇప్పుడు చేరింది.

మా సెత్ ఎక్కిన ఓడని ఇంగ్లీషువాళ్ళు పట్టుకున్నారు. నా కొడుకు ఇంగ్లండులో ప్లిమత్ జైల్లో ఉన్నాడు. అక్కడ జ్వరాలతో మనుషులు రాలిపోతున్నారు. టబితా ఏడుస్తూ రాసే మనిషి కాదు. మీరక్కడ కనిపించిన ప్రతి దొరకీ వంగి దండాలు పెడుతున్నారు కదా, నా కొడుకు కోసం ఇంకొక్కటి పెట్టండి, నడుమేం విరిగిపోదు అని రాసింది.

ఎవరికి పెట్టను? ఖైదీల మార్పిడి గురించి లండన్‌తో మాట్లాడే అధికారం పారిస్‌లో ఉన్న మనిషిది. విఖామ్‌ది.

జూన్ 15

కలం పట్టుకున్నాను. "అయ్యా" అని రాశాను. చింపేశాను.

జూన్ 23

నేను రాయక్కర్లేకపోయింది. అతనే రాశాడు.

ఖైదీల జాబితాలో పెన్‌హాలో అన్న పేరు చూశాడట. మార్చి నుంచీ లండన్‌తో బేరమాడుతున్నాడట. మార్చి నుంచి! అక్టోబర్ ఆఖరుకి మార్పిడి ఓడ బయల్దేరుతుందట, అందులో సెత్ కూడా ఉంటాడట. ముందే చెప్పి ఆశపెట్టడం ఇష్టంలేక ఊరుకున్నాడట. జైలరు పంపిన ఆనవాళ్ళలో ముక్కు మీద కోపం కూడా ఉంది, కాబట్టి కుర్రాడు ఖాయంగా మీవాడే అని వేళాకోళం ఒకటి.

నా కొడుకుని బతికించే హక్కు ఇతనికెవరిచ్చారు? ఇంకెవరైనా అయితే వెళ్ళి కాళ్ళ మీద పడేవాణ్ణి. ఇతని ఉపకారం గొంతులో చేపముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను.

ఒబెడ్ అప్పుడే అడగాలా? మన ఉత్తరం నమ్మి కాంగ్రెస్ ఆయన్ని వెనక్కి పిలిస్తే, ఆయన సంతకం చెల్లదని ఇంగ్లీషువాళ్ళు అంటారు కదా అయ్యగారూ, ఇంక ఆ ఓడ కదులుతుందా అన్నాడు.

టెక్సెల్ వెళ్ళడానికి బండి మాట్లాడమన్నాను.

జూన్ 27. టెక్సెల్.

ఇంగ్లీషు ఓడలు బయట కాపలా కాస్తున్నందువల్ల ఇక్కడి మా ఓడ ఇంకా రేవులోనే ఉంది. నా సంచీ అడిగితే కెప్టెన్ పగలబడి నవ్వాడు. మార్చిలో తొందర తొందర అని ప్రాణం తీశారు, ఇప్పుడేమో వద్దంటారు, పెళ్ళి సంబంధమా ఏమిటండీ ఇది అన్నాడు. ఉత్తరం తీసి అతని పొయ్యిలోనే పడేశాను. కాలుతుంటే, అంత మంచి వాక్యాలు పోతున్నాయే అని కాస్త బాధ కూడా వేసింది.

జులై 19

నాంత్ ఓడని ఇంగ్లీషువాళ్ళు తరిమారు. కెప్టెన్ సంచీని సముద్రంలో పడేశాడు. సంతోషంతో ఒబెడ్‌ని కౌగలించుకున్నాను.

మిగిలింది బిల్బావో. చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని ఇంగ్లీషు నౌకాదళం కోసం ప్రార్థించాను. మా దేశంలో దీనికి ఉరి తీస్తారు.

ఆగస్టు 22

ఏ కబురూ లేదు.

సెప్టెంబర్ 29

చేరింది. కాంగ్రెస్ నమ్మింది.

నావికుల వాక్యం చదువుతుంటే సభలో ఒకాయన కన్నీళ్ళు పెట్టుకున్నాడట. విఖామ్‌ని వెనక్కి పిలిచారు. ఆ ఉత్తర్వు ఈపాటికి పారిస్ చేరే ఉంటుంది. మిత్రుడు అభినందనలు రాశాడు. మార్చిలో నేను కోరుకున్నదంతా అక్షరాలా జరిగింది.

ఒబెడ్ నా వైపు చూడటం లేదు.

అక్టోబర్ 12

విఖామ్ మంచం పట్టాడట. కీళ్ళనొప్పులు, కాలు కింద పెట్టలేడట. రాయబారి అక్కడి రాజుగారి ఎదుట నిలబడి సెలవు తీసుకునేదాకా పదవి పోయినట్టు కాదు. ఏ దేశంలోనైనా అదే మర్యాద. నిలబడలేనివాడు సెలవెలా తీసుకుంటాడు? అంతవరకూ అతని సంతకం చెల్లుతుంది.

రోజూ సాయంత్రం ఆ కాళ్ళతోనే తోటలో షికారు చేస్తున్నాడని అక్కడి వంటవాడు చెప్పాడట. ఆ కబురు ఒబెడ్ తెచ్చాడు.

ఆ నొప్పి ఎవరి కోసమో నాకు తెలుసు. నా ఉత్తరం సంగతి అతనికి తెలుసా? కాంగ్రెస్ కడుపులో మాట దాగదు.

నవంబర్ 6

ఓడ ఫ్రాన్స్ చేరింది! సెత్ బతికే ఉన్నాడు. ఆ మర్నాడే విఖామ్ బూట్లు తొడుక్కుని వెళ్ళి రాజుగారి దగ్గర సెలవు తీసుకున్నాడట. సెత్‌ని వారం రోజులు ఇంట్లో పెట్టుకుని తిండి పెట్టి, కోటు కుట్టించి ఇటు పంపుతున్నాడట.

ఇవాళ విఖామ్‌ని తిట్టుకోలేదు. అలవాటు తప్పి ఏం చెయ్యాలో తోచలేదు.

నవంబర్ 19

సెత్ వచ్చాడు. కొత్త కోటులో ఎముకలు. విఖామ్ గారు మీకిమ్మన్నారు నాన్నా అని ఒక కాగితం చేతికిచ్చాడు. బిల్బావో దారిలో వెళ్ళిన నా ఉత్తరం ప్రతి అది, కాంగ్రెస్‌లో ఎవరో అతనికి చేరవేశారు. చీటీ లేదు. సీలు లేదు. నావికుల వాక్యం దగ్గర కాగితం నలిగి ఉంది.

నవంబర్ 20

పొద్దున రొట్టె తింటూ, ఆ రాత మీదేనా నాన్నా అని అడిగాడు.

ఒబెడ్‌ది అన్నాను.