బాదం చెట్టు మీది తల్లి

జూన్ 11
గాలికి బీచ్ బాదం చెట్టు మీంచి, కొమ్మకి వేలాడుతున్న స్లోత్ పిల్ల పడింది. దాని ఏడుపు ఫోన్‌లో రికార్డు చేశాను. పిల్లను చెట్టు మొదట్లో తగిలించి ఆ రికార్డే పైనున్న తల్లికి పదే పదే వినిపించాను. గంటన్నరకి తల్లి నత్తనడకన దిగి పిల్లను రొమ్ముకి హత్తుకుంది. ముక్కు మీద గాటున్న తల్లి. మబ్బు పట్టి ఫోటోలన్నీ మసక మసగ్గా వచ్చాయి. నా ఖర్మ.

పిన్ని కొడుకు ఓర్విల్ టూరిస్టు గైడు. నేను టూరిస్టుల్ని తిప్పే దార్లో పిల్ల పడితే పనికొస్తుంది, ఆ ఏడుపు నాకూ పంపక్కా అన్నాడు. పంపాను.

జూన్ 29, ఉదయం 9
వాడి మొహం మండ!

జూన్ 29, సాయంత్రం
పొద్దున కోపంలో ఆ ఒక్క ముక్కే రాశాను. అదే తల్లి, ఇసకలో పాకుతోంది. పిల్ల దాని రొమ్మునే ఉంది. అయినా ఎవరి పిల్లో ఏడుస్తోందని దిగింది. చుట్టూ టూరిస్టులు, సెల్ఫీలు. ఏడుపు వస్తున్నది ఓర్విల్ చొక్కా జేబులోంచి.

ఫోన్ లాక్కుని నోటికొచ్చినట్టు తిట్టాను. సిగ్గు లేకుండా నవ్వాడు. వారానికోసారి దొడ్డికెళ్ళడానికి దిగేదే కదక్కా, ఇంకోసారి దిగితే కాళ్ళరిగిపోతాయా అంటాడు. రోడ్డవతల మూడు కుక్కలున్నాయి. స్లోత్‌కి పరిగెత్తడం చేతకాదు. గైడుకి ఈ మాత్రం తెలియదా?

జూలై 4
ఐవీ పిన్నికి చెప్పాను. కొబ్బరిపాలు పిండుతూ తలెత్తలేదు. మావాణ్ణి అనే ముందు నా వంటింటి గోడకి నువ్వే అంటించిన, స్లోత్ కిందికి దిగిన ఫోటో చూసుకోవే తల్లీ, పిల్ల పడిన రోజు మబ్బన్నావు, ఇందులో ఎండ ఫెళ్ళున కాస్తోందేం అంది.

అన్నం తినకుండా వచ్చేశాను.

జూలై 5
అవును. జూన్ 13న వెలుతురు బాగుందని మళ్ళీ వినిపించాను. పిల్ల పడలేదు, ఏమీ లేదు. ఫోటో కోసం. ఒక్కసారే. డైరీలో కూడా రాయలేదు. ఓర్విల్ మీద ఇంకా కోపంగానే ఉంది. నా మీద అంతకంటే ఎక్కువగా ఉంది.

జూలై 6
ఓర్విల్ రికార్డు తీసేశానని ఒట్టేశాడు. ఎన్నిసార్లు దింపావురా అని అడిగాను. వేళ్ళు మడుస్తూ మడుస్తూ మధ్యలో ఆపేశాడు.

జూలై 17, మధ్యాహ్నం 3
మళ్ళీ గాలి. పిల్ల పడింది. రికార్డుతో పని లేదు, అదే గుక్కపెట్టి ఏడుస్తోంది. నేనూ ఓర్విల్ కలిసి చెట్టు మొదట్లో తగిలించాం. అప్పుడే మూడు గంటలు గడిచాయి. ఆ గాటున్న తల్లి కొమ్మ వదల్లేదు.

జూలై 18
దిగలేదు. పిల్ల నా చొక్కా పట్టుకుని ఏడుస్తోంది. ఏడ్చినప్పుడల్లా తల్లి మెల్లగా తల తిప్పి చూస్తోంది. ఓర్విల్ పక్కనే ఉన్నాడు. తల్లి చూపు మాత్రం నా మీదే.