తలుపు దగ్గర పెట్టించిన పెట్టెలు

గురువారం, రాత్రి

చైనా నుంచి వచ్చే డైపర్ల కంటైనర్‌లో ఏ పెట్టె ఎక్కడ పేర్చాలో ప్లాన్ వేసేది నేనే. ఈసారి తమిళనాడులోని మా ధర్మపురి గోడౌన్ సరుకంతా తలుపు దగ్గర పెట్టించినాను. లారీ తోలేది మా ఆయన. సరుకు బిరీన దిగితే, మిగతా సరుకుతో సేలం పోయే ముందు ఇంటికొచ్చి ఇంత తిని పోతాడని ఆశ.

అనుకున్నట్లే బిరీన దిగింది. అది చూసి ఓనరు మా ఆయనతో, "ఇంకేం, ఇప్పుడే బయలుదేరు. సేలంలో కాచుకోని ఉండారు" అన్నాడు.

ఆయనా నేనూ గేటు దగ్గరే నిలబడి మాట్లాడుకొన్నాము.

"వచ్చే తూరి మన సరుకు లోపలికి పెట్టించు మే. దించేదానికే పొద్దు పోవాల" అని నవ్వినాడు. నేనూ నవ్వినాను. లారీ మలుపు తిరిగినాక మాత్రం ఏడుపొచ్చింది.

చేసిన సంగటి ఒక్కదాన్నే తినలేక మూత పెట్టేసినాను. సేలం దారిలో తొప్పూరు కనుమ దిగినాడో లేదో, ఫోను ఇంకా రాలేదు...