గుంతలో పెట్టిన నూలు

సిరిసిల్ల,
మే నెల, 1961.

మీ పాదాలకు మొక్కి దేవవ్వ రాసుకునేది.

ముందుగా నా తప్పులు మన్నించండి. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ నాకు నమ్మకం లేదు. గీతలు లేని కాగితం కాబట్టి వరుసలు కిందికి జారుతున్నాయి. ఇంతకుముందు ఉత్తరాలన్నీ బావతో రాయించాను. నేను గుమ్మం వెనక నిలబడి రెండు మాటలు చెబితే మీ అన్న పది మాటలు రాసేవాడు. ఈసారి నేనే రాస్తున్నాను. నిదానంగా కూడబలుక్కుని చదవండి.

ఇక్కడ నేను, బావ, అక్క, పిల్లలు బాగానే ఉన్నాం. అక్కడ భీవండిలో మీ ఒళ్ళు బాగుందనే తలుస్తున్నాను.

మీరు అడిగినవాటికి జవాబులు. మేక ఈనింది, రెండు పిల్లలు. ఒకటి నల్లది, ఒకటి చెవులు మాత్రమే తెల్లగా ఉన్నది. మా బాపుకు దగ్గు తగ్గింది, కొండగట్టు పోయి మొక్కు చెల్లించి వచ్చాడు. కరెంటుతో నేసే సాంచెల చప్పుడుకు రాత్రి పడుకున్నా చెవులు గింగురుమంటున్నాయని రాశారు. నాకు ఇక్కడ దానికి ఎదురు. మన మగ్గం విప్పి బావ తన ఇంట్లోకి మోయించుకున్నాక ఇంట్లో ఏ చప్పుడూ లేదు.

ఒక్కదానివే ఉంటున్నావు, భయమేస్తుందా అని అడిగారు. భయం లేదు. గోడ అవతల అక్క పిల్లలను తిడుతుంటే మనుషుల మధ్యే ఉన్నట్టుంటుంది. కానీ ఒక్కదానికి వండుకోవడం ఇంకా చేతకావడం లేదు. ఎప్పుడు పోసినా ఇద్దరి బియ్యమే పోస్తున్నాను. మిగిలింది మేకకు పెడుతున్నాను. ఒక్కోరోజు పొద్దూకేదాకా ఎవరితోనూ మాట్లాడే పని పడదు. అప్పుడు మేకను పిలిచి ఏదో ఒకటి అంటాను, నా గొంతు నాకు వినపడాలని.

ఇక మీరు అసలు అడిగినది. మన ఇల్లు కొంటానన్న మొండయ్య ఒప్పుకున్న ధర నుంచి ఎందుకు దిగిపోయాడు, అతను మాట తప్పే మనిషి అని అన్న రాశాడు, నిజమేనా అని అడిగారు. మీరు లేనప్పుడు జరిగింది కాబట్టి మొదటి నుంచి చెబుతాను.

మొండయ్య వేములవాడ దగ్గరి మనిషి, మన కులపువాడే. ఇన్నేళ్లూ షావుకారు కొట్టంలో కూలికి నేసి, ఇప్పుడు సొంత గూడు కావాలని వచ్చాడు. వెంట భార్య శంకరవ్వ. ఇల్లంతా చూశారు. కాగితంలో తక్కువ రాసుకుని మిగిలింది చేతికి ఇవ్వాలని బావ అన్నాడు, అతను ఒప్పుకున్నాడు. తర్వాత మొండయ్య మగ్గం గుంతలోకి దిగి, నేసేటప్పటిలా కాళ్లు పెట్టుకుని కూర్చుని, అడుగున మట్టి తడిమి చూశాడు.

"వానకాలం గీ గుంతల నీళ్లూరుతయా?" అని అడిగాడు.

"సుక్క రాదు," అన్నాడు బావ.

"గా మాట కాగితంల రాయిస్తవా?"

"ఇంటి కాగితంల నీళ్ల ముచ్చట రాస్తరా మొండయ్యా? రేపు ఎలుకల ముచ్చట గూడ రాయమంటవు. నా నోటిమాట సాలదా?"

"ఎలుకలు నా మోకాళ్లనేం జెయ్యయి అంబదాసూ, నీళ్లే జేస్తయి. నీ నోటిమాట మీద నాకు గుమానం లేదు. అయినా మనోళ్ల రివాజు ఉండె గద, నూలు పెట్టి సూద్దాం."

ఆ రివాజు మీకు తెలిసిందే. గంజిపెట్టి ఎండేసిన నూలు పోగుల చిలప ఒకటి పొద్దూకంగ గుంత అడుగున పెట్టి, పైన పలక కప్పుతారు. తెల్లారి తీస్తే చిలప కట్టెలా బిగుసుకుని ఉంటే గుంత మంచిది. మెత్తబడి వేలాడితే అడుగున ఊట ఉన్నట్టు, పైకి ఎంత పొడిగా కనపడినా సరే. ఇంటివాళ్ల ఆడమనిషి తీసి ఇవ్వాలి, కొనేవాళ్ల మగమనిషి పట్టుకుని చూడాలి.

వాళ్లు ఆ రోజు ఉండిపోయారు. మొండయ్య బావ ఇంట్లో, శంకరవ్వ నా దగ్గర. నేను గోలెంలో నీళ్లు నింపుతుంటే గోడ మీది నుంచి బావ పిలిచి మెల్లగా చెప్పాడు.

"ఇగో దేవవ్వా, పొయ్యి కాడ ఎండిన చిలప ఒకటి దాసిపెట్టు. పొద్దుగాల గుంతల దాన్ని తీసి కట్టెల సాటుకు పెట్టి, గీ దాన్ని ఆయన చేతికియ్యి. జర సోయిల ఉండు. నీ మొగడు గూడ గట్లనే చెయ్యమన్నడు."

మీరు అన్నారని నాకు తెలుసు. అన్న ఎట్లా చెబితే అట్లా చెయ్యి, ఇల్లు మంచి ధరకు పోతేనే ఇక్కడ మనిద్దరికీ ఒక ఖోలీ గదికి ముందస్తు పగిడి కట్టగలుగుతాను, నిన్ను తెచ్చుకోగలుగుతాను అని రాశారు. ఆ ముక్క బావ రెండుసార్లు చదివి వినిపించాడు. నేను సరే అన్నట్టు తల ఊపాను. పొయ్యి పక్కన చిలప పెట్టాను కూడా.

ఆ సాయంత్రం శంకరవ్వ నన్ను చూసి, "తల గట్లున్నదేందే బిడ్డా, పిట్ట గూడు లెక్క?" అని నవ్వి, కూర్చోబెట్టి దువ్వెన తీసుకుంది. మీరు పోయినప్పటి నుంచి నా తల మీద ఇంకొకరి చెయ్యి పడలేదు. ఆమె చిక్కు తీస్తూ ఏవేవో మాట్లాడింది. పెరట్లో బీర తీగ పాకిస్తానంది. "గీ ఇంట్ల నేనుంటే నీ మనసుకేం కష్టం గాదు గద?" అని అడిగింది. కాదన్నాను. "ఆయన మోకాళ్లు షావుకారి గుంతల సగం పోయినయే. పొడి గుంత దొరికితే ఇంకో పదేండ్లు నేస్తడు," అంది. జడ వేయడం అయిపోయాక కూడా కొంచెంసేపు అట్లాగే కూర్చున్నాను. ఆమె లెమ్మనలేదు.

పొద్దూకంగ గుంతలో చిలప పెట్టి పలక కప్పారు. మర్నాడు పొద్దున బావా మొండయ్యా అరుగు మీద కూర్చున్నారు. నేను చిలప తెచ్చాను. మెత్తబడిన చిలప. మొండయ్య దాన్ని పట్టుకోగానే అది నీళ్లలో నానిన జుట్టులా కిందికి వేలాడింది. ఎవరూ అరవలేదు. మొండయ్య దాన్ని మడిచి బావ పక్కన పెట్టి, "పోదాం పా," అని భార్యతో అన్నాడు.

వాళ్లు పోయాక బావ నన్ను అడిగాడు. "ఆయన పెండ్లం నీ ఎంబడే ఉన్నదా? మార్సనియ్యలేదా?" నేను అవునన్నట్టు తల ఊపాను. "పరేషాన్ జేసింది గద," అని శంకరవ్వనే తిట్టుకున్నాడు. తర్వాత పదిహేను రోజులకు మొండయ్య మళ్లీ వచ్చి, గుంత పూడ్చి, గుంత అక్కర్లేని చట్రం మగ్గం వేసుకుంటానని, దానికయ్యే ఖర్చు ధరలో తగ్గించమని అన్నాడు. వేరే బేరం రాలేదు కాబట్టి బావ ఒప్పుకున్నాడు. మీకు మాత్రం మాట తప్పిండని రాశాడు.

అతను మాట తప్పలేదు. ఆ పొద్దున శంకరవ్వ నా వెంట లేదు. బావి దగ్గర మొఖం కడుక్కుంటోంది. ఇంట్లో నేనొక్కదాన్నే. రెండు చిలపలూ నా రెండు చేతుల్లో ఉన్నాయి. చూసేవాళ్లు ఎవరూ లేరు. ఎండినది పొయ్యి వెనకకు విసిరేసింది నేనే.

కావాలనే చేశాను. భయపడి కాదు, తొట్రుపడి కాదు. పోయిన భాద్రపదంలో మీరు ముంతతో గుంతలో నీళ్లు తోడిపోసి, గోనెపట్ట పరచుకుని నేస్తుండేవారు. మీ కాలివేళ్ల మధ్య తోలు తెల్లగా ఊడితే నేను ఆముదం రాస్తుండేదాన్ని. అప్పుడు మీరు అన్నారు, "మనిషన్నోడు కూసునే గుంత గాదే ఇది," అని. నేను ఆ మాటే చేశాను. మీరు రాసి పంపిన మాట చెయ్యలేకపోయాను.

దానివల్ల ఏం పోయిందో నాకు తెలుసు. వచ్చే పైకం ఖోలీకి చాలదు. అక్కడ మీతో పనిచేసే హనుమంతన్న తన పక్క ఖోలీ ఎవరికీ ఇవ్వకుండా మన కోసం ఆపి ఉంచాడని రాశారు. ఇక ఆపొద్దని చెప్పండి. వచ్చే నెల ఇల్లు మొండయ్యకు అప్పగించాక నేను బావ ఇంటి వెనక అర్రలో ఉంటాను. అక్క చూపించింది. కిటికీ లేదు గాని చాప పడుతుంది. మేకను అక్కడ కట్టేయడానికి వీల్లేదని, పిల్లలతో సహా అమ్ముదామని అక్క అంటోంది. సరే అన్నాను.

ఎన్నేళ్లు ఆలస్యమవుతుందో మీరు లెక్క వేసుకుంటారు. ఆ లెక్క నాకు రాయొద్దు. మీకు కోపం వస్తుంది, రావాలి కూడా. కానీ ఆ కోపం ఉత్తరంలో పంపకండి, బావ విప్పి చదువుతాడు. పీర్ల పండుగకు సాంచెలు బందుపెట్టి రెండు రోజులు సెలవిస్తారని అంటున్నారు. బండి ఖర్చులకు నా దగ్గర కొంచెం ఉంది, మీరు అక్కడ ఎవరి దగ్గరైనా తీసుకుని రండి, ఇక్కడ నేను ఇస్తాను. వచ్చి ఎదురుగా నిలబడి తిట్టండి. ఎంతసేపు తిట్టినా వింటాను.

ఈ కాగితం ఎవరికీ చూపించకండి, చదవగానే కాల్చేయండి.

ఇట్లు,
మీ రాక కోసం కనిపెట్టుకున్న
మీ ఇల్లాలు దేవవ్వ