గుట్కా తిన్ననని చెప్పిన

అక్టోబర్ 6, 2024. ఆదివారం

బ్రష్ చేసి ఊంచితే నురుగంత ఎర్రగ ఉంది. నెల సంది ఇంతే. చిగుళ్ళు ఉబ్బినయ్. కింది ముందుపన్ను నాలుకతోని నూకితే కదులుతుంది. నాకు ఇరవై ఏండ్లు.

చర్చిల కీబోర్డ్ వాయిస్తుంటే పక్కన పాడే ప్రిస్కిల్లా మైక్ జర అవతలికి జరుపుకుంది. నాకు అర్థమైంది. మిగిలిన పాటలన్నిటికి నోరు మూసుకునే వాయించిన.

అక్టోబర్ 9

నేను పనిచేసే మిల్లుల లంచ్‌కు ఎవలతోని కూసుంటలే. ఫోనొచ్చిందని చెప్పి పత్తి బండ్ల అవతలికి పోతున్న. బుగ్గల లవంగం పెట్టుకుంటున్న. వాసన పోతలేదు.

అక్టోబర్ 13, రాత్రి 8

బాపు నన్ను లైటు కిందికి పిలిచి నోరు తెరువుమన్నడు. ఎప్పటి సంది తింటున్నవ్ అన్నడు. ఏం తింటలే అన్న. జేబులు దేవులాడిండు. బండి డిక్కీ దేవులాడిండు. ఏం దొరకలే. మంచిగ దాసినవ్ అన్నడు.

జేమ్స్ చిన్నాయన నోటి క్యాన్సర్‌తోని పోయిండు. గుట్కా. బాపుకు తమ్ముడంటే పానం. వాని నోరు గూడ ముందుగాల గిట్లనే ఉండె అన్నడు. అని ఏడ్సిండు. మా బాపు మోషే అంటే చర్చి సంఘ పెద్ద, ఊర్లె అందరు భయపడుతరు. అసొంటి మనిషి నా ముందల ఏడుస్తుండు.

తిన్న బాపూ, మానేస్త అన్న.

ఎందుకన్ననో తెల్వదు. ఒక్క ప్యాకెట్ గూడ చింపలే నేను.

అక్టోబర్ 20. ఆదివారం

బాపు నన్ను చర్చిల నిలబెట్టిండు. అందరి ముందల ఒప్పుకున్న. పాస్టర్ అయ్యగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసిండు. మూడు నెలలు కీబోర్డ్ ముట్టొద్దన్నడు. ముసలోళ్ళు వచ్చి నా చేతులు పట్టుకున్నరు. బాపు మొఖం ఎలిగిపోతుంది. నన్ను చూసి బాపు అంత సంబురపడుడు ఎన్నడు చూడలే.

దేవుని ఇంట్ల అబద్ధం చెప్పిన. ఇంటికొచ్చి చెంబెడు నీళ్ళు తాగిన. మళ్ళ చెంబెడు.

అక్టోబర్ 21

దూప. ఎంత తాగినా దూప.

అక్టోబర్ 26

నిర్మల్ పోయినం, పండ్ల డాక్టర్ దగ్గరికి. పాడైన పండ్లు బాగు చేయిద్దాం, ఎట్లాగు మానినవ్ గదా అన్నడు బాపు. మేడం అడగకముందే గుట్కా అని చెప్పిండు. ఎన్నేండ్లు అని మేడం నన్ను అడిగింది. బాపు దిక్కు చూసి రెండు అన్న.

మేడం చానసేపు చూసింది. గుట్కా తిన్న నోరు గిట్లుండదు, మరక లేదు, బుగ్గల మచ్చ లేదు అన్నది. దూపైతుందా, రాత్రి ఒంటికి లేస్తున్నవా, సన్నబడ్డవా అని అడిగింది. ప్యాంట్లన్ని లూజ్ అయినయ్, గుట్కాతోని అనుకున్నం అన్నడు బాపు. ఈ వయసుల చిగుళ్ళు ఇంత పాడైతే ముందు షుగర్ చూడాలె అని వేలు గుచ్చింది.

384.

షుగర్ ఎక్కువుంటే చిగుళ్ళు పాడైతయ్, చిగుళ్ళల్ల చీముంటే షుగర్ దిగదు, రెండు కలిపి చూసుకోవాలె అన్నది. అప్పటికప్పుడే షుగర్ డాక్టర్ దగ్గరికి పంపింది.

వచ్చేటప్పుడు భైంసా కాడ బాపు బండి పక్కకు ఆపిండు. మరి తిన్ననని ఎందుకు చెప్పినవ్ అన్నడు. నువ్వు ఏడ్సినవ్ గదా అన్న. బండి స్టార్ట్ చేసిండు.

నవంబర్ 2

ఇన్సులిన్ నేనే పొడుసుకుంటున్న. కన్నది గదా, అవ్వ చూడలేక అటు తిరుగుతది. ఒక దిక్కు చిగుళ్ళు క్లీన్ చేసిండ్రు.

పాస్టర్ అయ్యగారు బాపుకు ఫోన్ చేసిండు. యూత్ మీటింగ్‌ల నేను గుట్కా ఎట్ల మానిననో సాక్ష్యం చెప్పాలెనట. బాపు పంపిస్త అన్నడు. ఫోన్ పెట్టేసి, గుట్కా మానిండంటే మెచ్చుకుంటరు, షుగరంటే పిల్లనెవలిస్తరు, అట్లనే ఉండనియ్ అన్నడు. నా మొఖం చూడకుంట అన్నడు.

సరే అన్న. నాకు గూడ అదే నయమనిపించింది. సిగ్గుచేటు. గుట్కాకు మారుమనసు పొందొచ్చు. దీనికి ఏం పొందాలె?

నవంబర్ 10

చెప్పిన. మంచిగ చెప్పిన గూడ. చప్పట్లు కొట్టిండ్రు.

అయినంక మా మిల్లుల హమాలీ కొండలన్న బయట ఆపిండు. పదేండ్ల సంది తింటుండట. మానాలని చూస్తే చేతులు వణుకుతున్నయట. ఫస్ట్ వారం ఎట్ల ఓర్సుకున్నవ్ తమ్మీ అని అడిగిండు. ప్రార్థన చేసుకో అన్నా అన్న. తలూపి పోయిండు. మెట్ల మీదనే కూసున్న. లేవబుద్ధి కాలే.

నవంబర్ 11

కొండలన్నకు నిజం చెప్పిన. మిల్లు గేటు దగ్గర. కొట్టినా బాగుండు. అయ్యో, చిన్న పిలగానివి అన్నడు. దవాఖానల గుట్కా మాన్పిస్తరట, ఇద్దరం పోదాం అన్న.

కొండలన్నకు చెప్పిన సంగతి ఇంట్ల ఇంకా చెప్పలే.

నవంబర్ 23

రెండో దిక్కు గూడ క్లీనింగ్ అయింది. ఊంచితే నురుగు తెల్లగ ఉంది. పొద్దటి షుగర్ 158.

నవంబర్ 24. పొద్దున 6

నేను వేలు గుచ్చుకుంటుంటే బాపు వచ్చి ఎదురుంగ కూసున్నడు. తన వేలు చాపిండు. కొత్త సూదేసి గుచ్చిన.

271. ఇంకా చాయ్ గూడ తాగలే.

ఇద్దరం మిషన్ దిక్కే చూసినం. అవ్వకు చెప్పకు అన్నడు.

అవ్వా, జర ఇటు రా అని పిలిచిన.