మూడోసారి అడిగే మర్యాద

యాషార్ బావగారికి సలాములు.

మీ చెల్లెలు సోల్మాజ్ క్షేమం. నెలలు నిండాయి. తను నడుస్తుంటే నాకు ఆయాసం వస్తోంది. క్షేమంగా లేనిది నా కారే. గడ్డకట్టకుండా పోసే కూలెంట్ దండగనుకుని రేడియేటర్‌లో ఉత్త నీళ్లు పోశాను. మా ఊరు అర్దబీల్ చలికి అవి గడ్డకట్టి దాన్ని కాస్తా పగలగొట్టాయి.

కొత్తది తెచ్చి, వాకిట్లో మంచు మీద పడుకుని నేనే బిగించసాగాను. పక్కింటి మెకానిక్ ఐవజ్ గోడ మీంచి తొంగిచూసి, "నన్ను రమ్మంటావా?" అన్నాడు.

"అయ్యో, మీకెందుకండీ శ్రమ!"

"శ్రమేముందయ్యా, వస్తా."

"వద్దండీ, ఆ మాటన్నారు, అదే చాలు."

రెండుసార్లు వద్దని, మూడోసారి అడిగితే ఒప్పుకోవడం మన మర్యాద కదా, నోరు తెరిచి సిద్ధంగా ఉన్నాను. ఆయన చేతులు రుద్దుకుంటూ, "సరే అయితే" అని లోపలికి పోయాడు. ఆ చలికి మర్యాద కూడా రెండుసార్లకే గడ్డకట్టింది.

తర్వాత కింది గొట్టం బిగించడం మరిచి, పైనుంచి కూలెంట్ పోశాను. అదంతా నా మీదే కారింది. ఈ ఊళ్లో గడ్డకట్టనిది ఇప్పుడు నా కోటొక్కటే. సోల్మాజ్ కిటికీలోంచి, "నువ్వు బిగించేలోపు బిడ్డ పుట్టి, నడక నేర్చి, నీకు పానా అందిస్తుందిలే" అంది.

ఆసుపత్రికి మీ కారు కావాలి. ఫోన్‌లో అడగడానికి నోరు రాక ఈ ఉత్తరం బస్సు డ్రైవరుకిచ్చి పంపుతున్నాను. అందగానే ఫోన్ చేసి "రమ్మంటావా?" అంటారు. వద్దంటాను. మళ్లీ అడిగినా వద్దనే అంటాను. దయచేసి మూడోసారి కూడా అడగండి.

లేదు, అసలు అడగనే వద్దు. బయలుదేరండి.

తడి కోటుతో,
మీ చెల్లెలి మొగుడు