దెయ్యాల ఆట చూసి చెప్పమన్నావుగా

చెల్లాయ్,

నీ కూతురు ఫోన్లో ఆడే దెయ్యాల ఆట చూసి చెప్పమన్నావు, చెడ్డదైతే మాన్పించేస్తానన్నావు. పద్ధతిగా చూడాలని నేనే ఆడాను. శవాలు లేచి తిరుగుతాయి, రక్తం పారుతుంది, అదంతా నిజమే. దారిలో గాయపడ్డ సైనికుడొకడు మందు అడిగాడు. నా సంచీ నిండా మందు సీసాలే. ముందుముందు అవసరం పడతాయని ఇవ్వలేదు. పాపం, చచ్చిపోయాడు.

"పెద్దమ్మా, ఇన్ని పెట్టుకుని ఒక్కటివ్వలేకపోయావా?" అని వెనకనుంచి చూస్తున్న పిల్ల ఏడ్చేసింది.

"రేపు దెయ్యాలు మీదపడితే మనకి వద్దుటే?" అన్నాను.

"నీకంటే దెయ్యాలే నయం," అంది.

కాబట్టి ఆట మాన్పించకు. పిల్ల బుద్ధికేమీ కాలేదు. నన్ను మాత్రం మళ్ళీ మొదటినుంచి ఆడమంది. ఈసారి పక్కనే కూర్చుని నన్నో కంట కనిపెడుతుందట.

మీ అక్క